ఇనుప కంచె చివర కథ



హోసూరు, కృష్ణగిరి వైపు ఉన్నవారికి 44వ నంబరు జాతీయ రహదారి కొత్త కాదు. షోలాపూరు తెలుగువారు హైదరాబాదు రావాలంటే 65వ నంబరు రోడ్డు ఎక్కాలి. బరంపురం, ఇచ్ఛాపురం మధ్య తిరిగేవారికి 16వ నంబరు, యానాం వారికి 216వ నంబరు ఇంటి గుమ్మం లాంటివి. పెళ్ళికి గానీ, ఆస్పత్రికి గానీ, కోర్టు పనికి గానీ ఈ రోడ్ల మీదుగానే మనం రాష్ట్రం దాటి వెళ్ళి వస్తూ ఉంటాం.

ఆ దారిలో గట్టు ఎత్తుగా ఉన్న చోట, వంతెనల దగ్గర, మలుపుల్లో రోడ్డు పక్కన పొడుగాటి ఇనుప రేకు, దాన్ని మోసే స్తంభాలు మీరు చూసే ఉంటారు. ఇంజనీర్లు దాన్ని గార్డ్ రెయిల్ అంటారు, క్రాష్ బారియర్ అని కూడా అంటారు. మనం ఇనుప కంచె అనుకుందాం. అదుపు తప్పిన బండి లోయలోనో, కాలువలోనో పడకుండా ఆపడం దాని పని. అయితే ఆ కంచె మొదలయ్యే చోట, ఆ కొన ఎలా ఉందో ఎప్పుడైనా గమనించారా? ఈనాటి ప్రసంగం ఆ కొన గురించే.

కంచెకు పక్కనుంచి రాసుకుంటూ తగిలిన బండిని అది పట్టి, మళ్ళీ దారిలోకి మళ్ళిస్తుంది. అదే బండి కొనకు ఎదురుగా వచ్చి గుద్దుకుంటే ఆ రేకు బల్లెంలా బండిలోకి దూసుకుపోగలదు. కంచే చేను మేసిందని మన పెద్దలు అనేది ఇలాంటి దాన్నే. మరి ఆ కొనను తీసేయకూడదా అంటే, కంచె అన్నాక ఎక్కడో ఒకచోట మొదలు కావాలి కదా!

చిక్కు ఎక్కడ ఉందో చూడండి. పెరట్లో బట్టలారేసే దండెం తీసుకోండి. రెండు కొసలూ గట్టిగా కట్టి ఉంటేనే అది బరువు మోస్తుంది. ఒక కొస వదులైతే బట్టలన్నీ నేలపాలు. ఇనుప కంచె కూడా అంతే. బండి పక్కనుంచి తగిలినప్పుడు రేకు తాడులా బిగుసుకుని నిలవాలి. అందుకు దాని కొసను భూమికి గట్టిగా కట్టాలి. కానీ బండి ఎదురుగా వచ్చి తగిలితే ఆ కొసే మెత్తగా లొంగిపోవాలి. ఒకే కొస, ఒకవైపు నుంచి గట్టిగా ఉండాలి, ఇంకోవైపు నుంచి లొంగాలి. ఈ పొంతన కుదర్చడానికి ఇంజనీర్లకు కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ కథ ఎక్కువగా అమెరికాలో నడిచింది.

1956లో అక్కడ సుమారు 41,000 మైళ్ళ పొడవున పెద్ద రహదారులు వేయాలని చట్టం చేశారు. వేగం పెరిగింది. రోడ్డు పక్కన కంచెలూ పెరిగాయి. కంచె కొనను మాత్రం చాలాచోట్ల అలాగే మొండిగా వదిలేశారు. ప్రమాదం జరిగితే తప్పు డ్రైవరుదే అనుకునేవారు గానీ, గుద్దుకున్న వస్తువు ఆ చోట ఎందుకు ఉందని అడిగినవారు తక్కువ.

అలా అడిగినవారిలో న్యూయార్కుకు చెందిన జోసెఫ్ లింకో ఒకరు. ఆయన ఇంజనీరు కాదు, అధికారీ కాదు. టెలివిజన్లు బాగుచేసే మెకానిక్. రోడ్ల మీద తిరుగుతూ మొండి కొనలు, దారికి అడ్డంగా ఉన్న స్తంభాలు, బోర్డుల దిమ్మెలు కనబడినప్పుడల్లా ఫోటోలు తీసిపెట్టుకున్నాడు. 1967లో జాన్ బ్లాట్నిక్ అధ్యక్షతన ఉన్న పార్లమెంటు ఉపసంఘం ఆయన్ను పిలిచి ఆ ఫోటోలు చూసింది. కొత్తగా వేసిన రోడ్డు పక్కనే ఇన్ని ప్రమాదాలు నిలబెట్టి ఉన్నాయని బొమ్మలతో సహా తెలిసింది. అదే ఏడాది అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం పసుపు అట్టతో ఒక పుస్తకం వెలువరించింది. రోడ్డు పక్కన 30 అడుగుల మేర అడ్డంకులు లేకుండా ఉంచాలన్నది అందులో ముఖ్యమైన మాట. కంచె కూడా ఒక అడ్డంకే, తప్పనిసరి అయిన చోటే వేయాలి అన్న ఆలోచన బలపడింది.

ఇక కొన సంగతి. 1960లలో టెక్సాసు వారు ఒక ఉపాయం చేశారు. రేకును మెలితిప్పి, ఏటవాలుగా కిందికి దించి, భూమిలో పాతిపెట్టారు. బల్లెం పోయింది. కానీ ఆ ఏటవాలు మీదికి ఎక్కిన బండి గాలిలోకి లేచి పల్టీలు కొట్టడం మొదలైంది. ఒక గండం పోయి ఇంకో గండం వచ్చినట్లయింది. చివరకు 1990లో, వేగమూ రద్దీ ఎక్కువగా ఉండే రోడ్ల మీద ఇలాంటి కొసలు కొత్తగా వేయవద్దని అక్కడి కేంద్ర రహదారుల శాఖ చెప్పింది.

ఈలోగా 1970లలో ఇంకో పద్ధతి వచ్చింది. కొసను రోడ్డు నుంచి దూరంగా సుమారు 4 అడుగులు వంపు తిప్పారు. చివరి స్తంభాన్ని చెక్కతో చేసి, మొదట్లో బెజ్జం వేసి బలహీనపరిచారు. రేకును ఒక ఉక్కు తాడుతో ఆ స్తంభం మొదలుకు కట్టారు. పక్కనుంచి తగిలితే తాడు బిగిసి పట్టుకుంటుంది. ఎదురుగా గుద్దితే చెక్క విరిగి, తాడు వదులై, రేకు పక్కకు వంగిపోతుంది. తెలివైన పద్ధతే. అయితే అది బరువైన కార్ల కాలంలో పుట్టింది. 1973 నాటి చమురు సంక్షోభం తర్వాత చిన్న కార్లు పెరిగాయి. రేకును వంచేటంత బరువు వాటికి లేదు. పైగా చాలాచోట్ల ఆ 4 అడుగుల వంపు సరిగా తిప్పకుండానే బిగించేశారు. కాగితం మీద ఉన్న భద్రత రోడ్డు మీదికి రాలేదు.

1980ల చివర్లో టెక్సాసు ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో దారి కనిపెట్టారు. చెరకు గానుగ మీకు తెలిసిందే. ఒకవైపు గడ పెడితే రెండోవైపు చదునైన పిప్పి వస్తుంది. వీరు రేకు కొసకు ఇనుప తల ఒకటి తొడిగారు. బండి గుద్దగానే ఆ తల రేకు వెంట వెనక్కి జరుగుతూ, వంపుల రేకును నొక్కి చదును చేసి, రిబ్బనులా పక్కకు చుట్టి పంపేస్తుంది. అలా నొక్కడానికి అయ్యే శక్తి అంతా బండి వేగం నుంచే ఖర్చవుతుంది. అందువల్ల బండి ఒక్కసారిగా కాక క్రమంగా ఆగుతుంది.

కథ అక్కడితోనూ ముగియలేదు. ఆ తరహా పరికరంలో ఒకదానికి, ఈటీ ప్లస్ అనే దానికి, ట్రినిటీ ఇండస్ట్రీస్ కంపెనీ 2005లో లోపలి దారి వెడల్పును 5 అంగుళాల నుంచి 4 అంగుళాలకు తగ్గించింది. ఆ మార్పు సంగతి ప్రభుత్వానికి 2012లో గానీ తెలియలేదు. కేసు నడిచి 2014లో జ్యూరీ కంపెనీదే తప్పని తేల్చింది. 2015లో సుమారు 66 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పు వచ్చింది. 2017లో పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. సంగతి తెలిశాక కూడా ప్రభుత్వం ఆ పరికరానికి డబ్బు చెల్లిస్తూనే వచ్చిందన్నది అందుకు ముఖ్యకారణం. న్యాయం సంగతి కోర్టులు తేల్చాయి. మనకు మిగిలే పాఠం వేరు. ప్రాణాలు ఆధారపడిన వస్తువులో ఒక అంగుళం మార్చినా పదిమందికీ తెలియాలి, మళ్ళీ పరీక్షించాలి.

ఇప్పుడు మన రోడ్ల మాటకు వద్దాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారే. ఇప్పటిదాకా చెప్పిన కొసలన్నీ కార్లు, చిన్న ట్రక్కులతో పరీక్షించినవి. మోటారు సైకిలు మీద వెళ్ళేవారికి స్తంభమూ, రేకు అంచూ కూడా ప్రమాదమే. కాబట్టి మనకు కావలసింది పరాయి పరికరం ఒక్కటే కాదు, మన బండ్లను దృష్టిలో పెట్టుకున్న ఆలోచన కూడా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో ఇలాంటి కంచెల గురించి 119వ నంబరు మార్గదర్శకాలు వెలువరించింది. కొసల సంగతీ అందులో ఉంది. అయినా మొండి కొసలు ఇంకా మన కంటబడుతూనే ఉన్నాయి.

ఇందులో మన వంతు కూడా కొంత ఉందని ఒప్పుకోవాలి. పొలానికి అడ్డదారి కోసమో, హోటలు ముందు లారీలు ఆగడానికో కొన్నిచోట్ల రేకు విప్పేస్తారు. అలా విప్పిన ప్రతిచోటా రెండు కొత్త మొండి కొసలు పుడతాయి. ఇక ఒకసారి దెబ్బతిన్న కొస రెండోసారి కాపాడలేదు. దాన్ని మార్చేదాకా అక్కడ కంచె ఉన్నా లేనట్టే.

శ్రోతలారా, జాతీయ రహదారుల మీద ఇబ్బందులు చెప్పుకోవడానికి 1033 నంబరు ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, రోడ్డు నమూనాలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక, అందువల్ల ప్రాణం పోతే లేదా వైకల్యం కలిగితే, బాధ్యులైన కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ నిబంధన 198-ఎ సెక్షనులో ఉంది. ఒక ప్రాణానికి లక్ష రూపాయలు ఏపాటి అనిపించవచ్చు. అయినా తప్పు ఎప్పుడూ డ్రైవరుదే కాదు, రోడ్డుకూ జవాబుదారీ ఉందని చట్టం ఒప్పుకున్నట్టు అది.

మీరు రోజూ వెళ్ళే దారిలో కంచె కొస మొండిగా ఉంటే, విరిగి వేలాడుతూ ఉంటే, బండి సురక్షితమైన చోట ఆపుకుని, కిలోమీటరు రాయి మీది అంకెతో సహా చెప్పండి. ఊరిపేరు, రోడ్డు నంబరు కూడా కలిపితే వెతుక్కునే పని ఉండదు. మన జిల్లాల్లో ఒక రాష్ట్రం హద్దు ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో తెలియక, ఎవరికి చెప్పాలో అని చాలామంది ఊరుకుంటారు. జాతీయ రహదారికి ఆ చిక్కు లేదు. అటూ ఇటూ అదే నంబరు. ఏ భాషలో చెప్పినా ఆ రాయి మీది అంకె ఒకటే.