కాలువ గట్టు నుంచి తొట్టి గోడ దాకా

కుందూ లోయలో, నల్లరేగడి నేలల నడుమ ఉన్న కోయిలకుంట్ల వైపు వానలు తక్కువ. అయినా దోమ జబ్బులకు కరువు లేదు. దోమకు కావలసింది వాన కాదు, వారం పది రోజులు కదలకుండా నిలిచే నీళ్లు. ఆ నీళ్లు నిలిచే చోటు కాలంతో పాటు మారుతూ వచ్చింది.

1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్లించి కర్నూలు-కడప కాలువ తవ్వింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొన్నది. కాలువ పంటతో పాటు ఊట నీటినీ తెస్తుంది. ఊట నిలిచిన చోట మలేరియా దోమ పెరుగుతుంది. అయితే చలిజ్వరానికి చెడుగాలే కారణమని ఆనాటి నమ్మకం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాకే అసలు శత్రువు తెలిసింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మలేరియా కేసులని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, ఇంటింటి గోడల మీద డీడీటీ కొట్టారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. గెలిచామనుకుని పట్టు సడలించారు. దోమలు మందుకు అలవాటుపడ్డాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి.

తర్వాతి దెబ్బ పగలు కుట్టే ఏడిస్ దోమది. మూడు దశాబ్దాలు కనిపించని చికున్‌గున్యా 2005-06లో తిరిగొచ్చి, రాయలసీమలో ఊళ్లకు ఊళ్లను కీళ్ల నొప్పులతో మంచం పట్టించింది. డెంగీని మోసేదీ ఈ ఏడిస్ దోమే. కాలువలతో దీనికి పనిలేదు. సిమెంటు తొట్టి, డ్రమ్ము, కూలరు, పెరట్లో పాత టైరు చాలు. తొట్టి వంచితే సరిపోదు. గోడకు అంటిన గుడ్లు తడి ఆరినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే శుక్రవారం ‘డ్రై డే’ నాడు తొట్టిని పీచుతో తోమి, ఆరబెట్టి, మూతపెట్టాలి. వంచలేని బావుల్లో గంబూసియా చేపలు వదలాలి.

ఈ పని ఇంటివాళ్లదే. కానీ కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఇల్లాలు పట్టిన నీళ్లు ఎలా పారబోస్తుంది? సీమలో దోమల మందు బండి ఎంత అవసరమో, వేళకు వచ్చే కుళాయి అంతకంటే ఎక్కువ అవసరం.