గూఢచారి నవలను నమ్మినవాళ్లు

గూఢచారి నవల దొరికితే తిండీ నిద్రా మరిచిపోయేవాళ్లున్నారు. ఆ పేరు వింటేనే మొహం చిట్లించేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఆ నవలతోపాటే పుట్టినవాళ్లే.

1903లో ఎర్‌స్కిన్ చైల్డర్స్ ‘ది రిడిల్ ఆఫ్ ది శాండ్స్’ రాశాడు. ఇద్దరు ఇంగ్లిష్ మిత్రులు చిన్న పడవలో జర్మనీ తీరం వెంట తిరుగుతూ, ఇంగ్లండ్ మీద దండెత్తే పన్నాగాన్ని పసిగడతారు. ఇసుక మేటలు, ఆటుపోట్లు, పొగమంచు: చైల్డర్స్ స్వయంగా పడవ నడిపి చూసిన తీరమది. అందుకే ఆ పుస్తకం ఈనాటికీ చదివిస్తుంది.

విలియం లె క్యూ సంగతి వేరు. అతని ‘ది ఇన్వేజన్ ఆఫ్ 1910’ 1906లో డైలీ మెయిల్‌లో సీరియల్‌గా వచ్చింది. జర్మన్ సైన్యం ఏ దారిన రావాలో పత్రిక యజమాని హార్మ్స్‌వర్త్ మార్పించాడు. పల్లెల మీదుగా వస్తే పేపరు కొనేదెవరు? పెద్ద ఊళ్ల మీదుగా నడిపించాడు. ప్రధాని క్యాంప్‌బెల్ బ్యానర్‌మన్ పార్లమెంటులోనే ఈ రాతల మీద మండిపడ్డాడు. 1909లో హాస్యరచయిత వుడ్‌హౌస్, ఒక బాయ్ స్కౌట్ చేతిలో శత్రుసేనలు ఓడిపోయే కథ రాసి వెక్కిరించాడు. అయినా నమ్మేవాళ్లు నమ్ముతూనే ఉన్నారు.

అదే ఏడాది లె క్యూ ‘స్పైస్ ఆఫ్ ది కైజర్’ వచ్చింది. చదివినవాళ్లు అతనికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఫలానా హోటల్లో జర్మన్ వెయిటర్ అనుమానంగా ఉన్నాడని, ఫలానా మంగలి వివరాలు ఆరా తీస్తున్నాడని. యుద్ధ శాఖలో గూఢచర్యం చూసే కల్నల్ ఎడ్మండ్స్ ఇలాంటి సమాచారాన్నే పోగుచేసి ప్రభుత్వ కమిటీ ముందు పెట్టాడు. కమిటీ ఒప్పుకుంది. 1909 అక్టోబరులో సీక్రెట్ సర్వీస్ బ్యూరో ఏర్పడింది. తర్వాతి ఎమ్.ఐ.5, ఎమ్.ఐ.6 రెండూ దానిలోంచి వచ్చినవే. ఎడ్మండ్స్ ఊహించినంత పెద్ద జర్మన్ గూఢచారి దండు ఇంగ్లండులో లేనేలేదు. లె క్యూ వచనంలో నాకు పస కనిపించదు గానీ, ఆ ఉత్తరాల్లో పేరుకెక్కిన వెయిటర్లు, మంగళ్లు గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనుషులు వాళ్లు.

మొదటి ప్రపంచయుద్ధంలో నిజంగా గూఢచర్యం చేసిన సోమర్‌సెట్ మామ్, 1928లో ‘ఆషెండెన్’లో ఆ వృత్తిలోని విసుగునీ, నిష్ఫలత్వాన్నీ చూపించాడు. జనాన్ని ఆకర్షించింది మాత్రం 1953లో వచ్చిన ఫ్లెమింగ్ జేమ్స్ బాండ్. 1958లో బాండ్ నవల ‘డాక్టర్ నో’ మీద పాల్ జాన్సన్ న్యూ స్టేట్స్‌మన్ పత్రికలో దుమ్మెత్తిపోశాడు. 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఇష్టపడే పుస్తకాల జాబితాలో మాత్రం బాండ్ నవల ఒకటి కనిపించింది.

మనకూ ఆ గాలి తగిలింది. 1966లో తెరమీద కృష్ణ ‘గూఢచారి 116’ అయ్యాడు. తర్వాత మధుబాబు షాడో నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి మారి అట్టలు చిరిగాయి. పాఠ్యపుస్తకం చాటున షాడోను చదివిన కుర్రాళ్లెందరో! పెద్దలు దాన్ని చెత్త అన్నారు. నేననను. తెలుగు వేగంగా చదవడం చాలామందికి అక్కడే అలవాటైంది.

మళ్లీ నమ్మకం సంగతికొస్తే, 1963లో వచ్చిన ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’ రాసేనాటికి జాన్ లె కారె బ్రిటిష్ గూఢచార శాఖ ఉద్యోగి. ఇది పూర్తిగా కల్పన అని తేల్చుకున్నాకే శాఖ దాన్ని అచ్చుకు వదిలింది. పత్రికలూ పాఠకులూ మాత్రం లోపలి గుట్టు బయటపడిందనే చదివారు. అది కల్పనేనని ఆయన ఎన్ని ఏళ్లు చెప్పినా చాలామంది ఒప్పుకోలేదు.