సూక్ష్మజీవుల జీనోమ్‌ల పోలిక - కడప శిలలు

సూక్ష్మజీవుల పూర్తి జీనోమ్‌లను సరిపోల్చి, ఏ జన్యువులు అన్నిటిలో ఉన్నాయో, ఏవి ఒక శాఖకే పరిమితమో చూసి బంధుత్వాలు తేల్చే అధ్యయనమిది. 1995లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బ్యాక్టీరియా జీనోమ్ క్రమం పూర్తిగా వెలువడింది. మరుసటి ఏడే ఆర్కియాలలో మెథనోకాకస్ జన్నాస్కియై, సైనోబ్యాక్టీరియాలో సినెకోసిస్టిస్ తోడయ్యాయి. ఏ కొమ్మ ముందు చీలిందో ఈ పోలిక చెబుతుంది. ఎన్నేళ్ళ కిందట చీలిందో మాత్రం తనంతట తాను చెప్పలేదు. అందుకు వయసు తెలిసిన రాయి కావాలి. కడప, కర్నూలు ప్రాంతాల కింద పరచుకున్న కడప బేసిన్‌లో అలాంటి రాయి ఉంది.

ఈ బేసిన్‌లోని వేంపల్లె శిలాశ్రేణి డోలమైట్‌లో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. లోతులేని సముద్రంలో సూక్ష్మజీవుల పొరలు మట్టిరేణువులను పట్టి, సున్నాన్ని పేర్చి కట్టిన గుమ్మటాలివి. వేంపల్లె శ్రేణి పైనున్న తాడిపత్రి శ్రేణిలోకి చొరబడి గడ్డకట్టిన మాగ్మా వయసు పులివెందుల దగ్గర సుమారు 188.5 కోట్ల ఏళ్ళని యురేనియం-సీసం పద్ధతిలో తేలింది. కాబట్టి కిందనున్న వేంపల్లె గుమ్మటాలు అంతకంటే పాతవి. (ఇళ్ళలో పరిచే నల్ల కడప బండ వీటి ఈడుది కాదు, అది చాలా తర్వాతి కర్నూలు వర్గపు నార్జి సున్నపురాయి.)

ఈ గుమ్మటాలను సైనోబ్యాక్టీరియా కట్టాయనుకుంటే ఆ శాఖకు కనీస వయసు దొరుకుతుంది. కానీ అవే కట్టాయని రుజువేమిటన్న ఆక్షేపణ బలమైనదే. వేరే బ్యాక్టీరియా కూడా ఇలాంటి పొరలు కట్టగలవు. 2013, 2017లలో వెలువడిన జీనోమ్ పరిశోధనలు ఈ అనుమానాన్ని ఇంకా పెంచాయి: సైనోబ్యాక్టీరియాకు దగ్గరి చుట్టాలైన మెలైనాబ్యాక్టీరియా, సెరిసైటోక్రొమేషియాలలో కిరణజన్య సంయోగక్రియ జన్యువులు లేవు. రెండు శాఖలూ వాటిని ఆనవాలు లేకుండా పోగొట్టుకున్నాయనడం కంటే, సైనోబ్యాక్టీరియానే ఆ శక్తిని తర్వాత సంపాదించుకున్నాయనడం సులువు. కాబట్టి మరీ పాత స్ట్రోమటోలైట్లను వాటి ఖాతాలో వేయడం తొందరపాటే. వేంపల్లె సంగతి వేరు. గాలిలో ఆక్సిజన్ పెరగడం సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందటే మొదలైంది గనుక, ఈ గుమ్మటాల కాలానికి ఆ ఆక్సిజన్‌ను వదిలే సైనోబ్యాక్టీరియా ఉండి తీరాలి. కట్టింది అవేనని చెప్పడానికి ఇది చాలదు, అవకాశం ఉందని చెప్పడానికి చాలు.

బ్యాక్టీరియా జన్యువులను ఇచ్చిపుచ్చుకుంటాయి, ఇక వంశవృక్షమెక్కడిదనేది రెండో ఆక్షేపణ. అయినా రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులు చాలా అరుదుగా చేతులు మారతాయి. 2016లో 16 అటువంటి ప్రోటీన్లతో మూడు వేలకు పైగా జీవుల వృక్షం గీశారు. అది జీనోమ్ మొత్తం చరిత్ర కాదన్నది నిజమే. అయితే ఆ బదిలీలు కూడా సాక్ష్యమే: జన్యువును ఇచ్చిన శాఖ, పుచ్చుకున్న శాఖ ఒకే కాలంలో బతికి ఉండాలి. ఈ తర్కంతో చీలికల వరుసను తేల్చవచ్చని 2018లో చూపారు. ఆ వరుసలో ఒక్క చీలికకు శిల నుంచి వయసు దొరికినా, ముందువెనకల చీలికలకూ హద్దు పడుతుంది.