గాజుతొట్టిలో నీటితోట

నీటిలో పెరుగు మొక్కకు ఆహారమేది? నేలమీది పైరు సంగతి మన రైతులకు తెలియును. పెంట తోలిన చేను పండును, తోలని చేను చిక్కిపోవును. కాని గాజుతొట్టిలో చేపల నడుమ పచ్చగా ఊగు నాచుమొక్క దేనిని తిని బ్రతుకుచున్నది? నేడు ఇట్టి తొట్టెలను పెంచువారు సన్నని గొట్టము ద్వారా బొగ్గుపులుసు వాయువును, సీసానుండి ఎరువును నీటికి అందించుచున్నారు. ఇది నిన్నమొన్నటి వేడుకగా తోచవచ్చును. కాని దీని వెనుక రెండువందల యేబది సంవత్సరముల శాస్త్రచరిత్ర కలదు. ఆ చరిత్ర తెలియనివాని చేతిలో అదే వాయువు ఒక్క రాత్రిలో చేపలను చంపగలదు. కనుక దానిని కొంచెము విపులముగా చెప్పుకొందము.

కథ ఇంగ్లండులోని లీడ్సు పట్టణమున ఆరంభమగును. జోసెఫ్ ప్రీస్ట్లీ అను మతాచార్యుడు అక్కడ ఒక బీరుబట్టీ ప్రక్కన కాపురముండెను. పులియుచున్న పీపాలపై నిలిచియుండు వాయువు మంటను ఆర్పుట చూచి, ఆ వాయువును నీటిలో కలుపు ఉపాయమును కనిపెట్టి, 1772లో ప్రకటించెను. మనము గోలీ నొక్కి త్రాగు సోడా ఆ నీటి సంతతియే. అంతకు ముందు, 1771 ఆగస్టులో, ఆయనయే మరియొక పరీక్ష చేసెను. క్రొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా కొమ్మను ఉంచి, పది దినముల తరువాత చూడగా, అదే గాలిలో క్రొవ్వొత్తి మరల వెలిగెను. చెడిన గాలిని మొక్క బాగుచేయునని అప్పుడు తెలిసెను. సోడానీటికిని, పుదీనా కొమ్మకును గల బంధుత్వమును తెలిపినవారు తరువాత వచ్చిరి.

హాలండు దేశపు వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్ 1779లో నీట ముంచిన ఆకులను పరిశీలించెను. ఎండ తగిలినప్పుడు వాటినుండి ప్రాణవాయువు బుడగలుగా వెలువడెను, చీకటిలో ఆగిపోయెను. అంతేకాదు, చీకటిలో మొక్కకూడ మనవలెనే గాలిని చెరచునని ఆయన తేల్చెను. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. దీనితో మరల పని కలదు. జెనీవా నివాసి జాన్ సెనెబియే 1782లో మరియొక అడుగు వేసెను. కాచిన నీటిలో వాయువు ఎగిరిపోవును. అట్టి నీటిలో ఆకులు ఎండలోనున్నను బుడగలు విడువలేదు. బొగ్గుపులుసు వాయువును కరగించిన నీటిలో విడిచెను. నీటిలోని ఆకునకు వాయువును మనిషి చేతితో అందించిన తొలి పరీక్షలలో ఇది యొకటి.

తొట్టి ఇంటిలోనికి వచ్చుటకు మరి డెబ్బదియేండ్లు పట్టెను. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1849లో పండ్రెండు గాలన్ల తొట్టిలో, అనగా సుమారు 55 లీటర్ల నీటిలో, రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా అను మొక్కను ఉంచెను. రిబ్బనువంటి పొడుగాకులుగల ఈ మొక్క మన చెరువులలోను పెరుగును. కొన్నాళ్లకు ముదురాకులు క్రుళ్లి నీరు మురుగుపట్టగా, ఆయన చెరువునత్తలను తెచ్చి వేసెను. అవి క్రుళ్లిన ఆకులను తినివేయగా నీరు తేరుకొనెను. చేప విడిచినది మొక్కకును, మొక్క విడిచినది చేపకును ఉపయోగపడుననియు, నత్త ఆ రెంటి నడుమ నీటిని శుభ్రపరచుననియు ఆయన 1850లో లండను రసాయన సంఘమునకు నివేదించెను. 1853లో ఆ నగరపు జంతుప్రదర్శనశాలలో చేపల గృహము వెలసెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ ఈ విషయముపై గ్రంథము ప్రకటించిన పిమ్మట గాజుతొట్టి ఇంగ్లండులో గొప్ప వేడుకయైనది.

సమతూకమను మాట జనులకు మిక్కిలి నచ్చెను. తొట్టి తన్నుతానే పోషించుకొనునని పలువురు నమ్మిరి. వారింగ్టన్ కనుగొన్నది సత్యమే. కాని దానికొక మేర కలదు. బొగ్గుపులుసు వాయువు గాలిలోకంటె నీటిలో సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. గాలి తగులుచున్న నిలువనీటిలో లీటరునకు సుమారు అరమిల్లీగ్రాము మాత్రమే ఉండును. నాలుగు మొక్కలకు అది సరిపోవచ్చును. దట్టమైన తోటకు చాలదు. వాయువుకొరకు చేపలను పెంచినచో మలినముకూడ పెరుగును.

ఎరువుల జ్ఞానము తొట్టికి పొలమునుండి వచ్చినది. జర్మనీలో కార్ల్ ష్ప్రెంగెల్ 1828లో సూచించిన సూత్రమును యూస్టస్ లీబిగ్ లోకమున ప్రచారము చేసెను. మొక్కకు కావలసినవాటిలో ఏది అన్నిటికంటె కొరవడునో, అదియే పెరుగుదలకు మేరయగును. చెక్కలలో ఒకటి పొట్టిదైన పీపాలో నీరు ఆ చెక్క ఎత్తువరకే నిలుచును గదా. 1860లో జూలియస్ సాక్స్, మట్టి లేకుండ, లవణములు కరగిన నీటిలోనే మొక్కలు పెరుగు విధమును ప్రకటించెను. నత్రజని, భాస్వరము, పొటాషు మొదలగునవి నీటిలో కరగియుండును గాని, ఇనుము మాత్రము తుప్పుగా మారి అడుగున చేరును. ఇనుమును విడువక పట్టియుంచు సేంద్రియ రసాయనముతో కలిపి అందించినచో చెట్టు దానిని గ్రహించునని 1950 దశాబ్దమున ఫ్లారిడాలోని నారింజ జాతి తోటలలో రుజువయ్యెను. నేటి తొట్టి ఎరువులలో ఉండునది ఇట్టి ఇనుమే.

ఈ రెండుపాయలు ఇరువదవ శతాబ్దపు చివర కలిసెను. 1980 దశాబ్దమున జర్మనీలో వాయువును, ఎరువును కలిపి అందించు సరంజామా ప్రచారములోనికి వచ్చెను. జపానులో తకాషి అమానో అను ఛాయాచిత్రకారుడు 1982లో స్వంత సంస్థను స్థాపించి, కొండలను, పచ్చికబయళ్లను తలపించు నీటితోటలను కల్పించెను. 2015లో ఆయన మరణించునాటికి ఆ కళ దేశదేశముల వ్యాపించినది. మరియొకవైపు అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో ప్రకటించిన గ్రంథమున, అడుగున తోటమట్టి పరచి, వాయువును గొట్టముతో అందింపకయే మొక్కలను పెంచు మార్గమును వివరించెను. ఆ తోట మెల్లగా పెరుగును. ఖర్చును ప్రమాదమును తక్కువ. రెండు మార్గములును సత్యములే.

వాయుమార్గమును ఎన్నుకొనువారు ఏమి చేయవలెను? సిలిండరు వాయువును మరతో సన్నగించి, సన్నని రంధ్రములుగల బిళ్లద్వారా నీటిలోనికి పంపవలెను. లీటరునకు 30 మిల్లీగ్రాములు మించనీయరాదు. నీటిలో వ్రేలాడదీయు చిన్న గాజుబుడ్డిలోని రంగునీరు నీలముగానున్న వాయువు తక్కువ, ఆకుపచ్చయైన సరి, పసుపైన ప్రమాదము. ఆ రంగు ఒకటి రెండు గంటలు వెనుకబడి మారును గనుక, చేపలను చూచుచుండవలెను. అవి పైకి వచ్చి నోళ్లు తెరచినచో వాయువును వెంటనే ఆపి, నీటిని కదిలించి గాలి తగులనీయవలెను. దీపమునకు ఒకటి రెండు గంటల ముందు వాయువును విడిచి, దీపము ఆర్పుటకు ముందే ఆపవలెను. ఏలయన, చీకటిలో మొక్కకు ఆ వాయువుతో పనిలేదు. పైగా అదియు చేపతోపాటు ప్రాణవాయువును వాడుకొని బొగ్గుపులుసు వాయువును విడుచును. 1779లో ఇంగెన్‌హౌస్ చెప్పినది ఇదియే.

ఎరువు విషయమున లీబిగ్ మాటయే శరణ్యము. దీపకాంతి హెచ్చించి వాయువు చాలనీయకున్నను, వాయువు నిచ్చి పొటాషు మరచినను, మొక్క కుంటుపడును. చూచుచుండగనే పాచి పెరుగును. నత్రితములు లీటరునకు 10 నుండి 20 మిల్లీగ్రాములు, భాస్వితములు 1 నుండి 2 మిల్లీగ్రాములు ఉండునట్లు చూచి, వారమునకొకసారి సగము నీరు మార్చుట పలువురు అనుసరించు పద్ధతి. మిగిలిన ఎరువు పోగుపడకుండ ఆ నీటిమార్పు కాపాడును.

వారింగ్టన్ తొట్టిలో రెండు చేపలు, కొన్ని మొక్కలు, కొన్ని నత్తలు ఉండెను. తూకము తప్పిననాడు నత్తలను తెచ్చి వేసినవాడును అక్కడనే ఉండెను. నేటి తొట్టిలో సిలిండరును సీసాయు చేరినవి గనుక ఆ నాలుగవవాని పని హెచ్చినది. క్రొత్తగా తొట్టిని పెట్టదలచినవారు మొదట మొక్కలు నాటి, వాయువును కొలదికొలదిగా పెంచుచు, నీటిరంగు ఆకుపచ్చగా కుదురుకొనిన కొన్నివారముల పిమ్మటనే చేపలను తెచ్చుకొనవలెనని మేము మనవి చేయుచున్నాము.