సొంత జాగ ఉన్నోళ్లకేనా ఇల్లు? సిద్దిపేటలో సర్కారు ఇళ్ల నాలుగు దశాబ్దాలు

సర్కారు ఇంటి పథకాల పేర్లు ఎన్ని మారినా పేదల ముందున్న ప్రశ్న ఒక్కటే: జాగ ఎక్కడిది?

1985-86లో కేంద్రం మొదలుపెట్టిన ఇందిరా ఆవాస్ యోజన తొలుత ఎస్సీ, ఎస్టీలకూ, వెట్టి నుంచి విముక్తులైన కూలీలకూ ఉద్దేశించింది. 1993-94లో ఇతర పేదలకూ విస్తరించి, 1996 జనవరి 1 నుంచి విడి పథకమైంది. ఇల్లు మహిళ పేరిట లేదా దంపతులిద్దరి పేరిట మంజూరు చేయాలన్నది దాని గొప్ప నియమం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో వచ్చిన ఇందిరమ్మ పథకంలోనూ కట్టుకునే భారం లబ్ధిదారుదే. బేస్‌మెంట్, గోడలు, స్లాబ్ అంటూ దశలవారీగా బిల్లు పడాలి. బిల్లు ఆలస్యమైతే మేస్త్రీ పని ఆపేస్తాడు. ఇల్లు మొండిగోడల దగ్గరే నిలిచిపోతుంది.

తెలంగాణ వచ్చాక 2015లో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల పథకంతో దారి మారింది. 560 చదరపు అడుగుల్లో రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు. పల్లెల్లో ఇంటికి రూ. 5.04 లక్షలు, మొత్తం సర్కారే పెట్టి కట్టించి తాళం చేతికిచ్చే పద్ధతి. నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ దత్తత తీసుకున్న సిద్దిపేట జిల్లా ఎర్రవల్లి, నర్సన్నపేటల్లో 2016 డిసెంబరులో గృహప్రవేశాలు జరిగాయి. సిద్దిపేట శివారు నర్సాపూర్‌లో జీ ప్లస్ టూ బ్లాకులుగా కట్టిన 2,460 ఇళ్ల కాలనీ 2020 డిసెంబరు 10న ప్రారంభమైంది. కిరాయి గదుల్లో బతికిన కుటుంబాలకు ఆ కాలనీలో ఇంటితోపాటు జాగా దొరికింది.

కేంద్రం 2016లో తెచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మైదాన ప్రాంతాల్లో ఇంటికిచ్చేది రూ. 1.20 లక్షలు, కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు, అంటే డబుల్ బెడ్‌రూమ్‌లో సగంకన్నా తక్కువ. అయితే తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చేరడం దాని బలం. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు పెద్దదే గానీ, దరఖాస్తులతో పోలిస్తే కట్టినవి కొన్నే.

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్లు రెండింటి మధ్య దారి పట్టాయి: రూ. 5 లక్షలు, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, డబ్బు మళ్లీ దశలవారీగా. తొలి విడతలో సొంత జాగ ఉన్నవారికే అవకాశం.

అంటే గుంట భూమి కూడా లేని కూలీ మళ్లీ వరుసలో వెనకే నిలబడ్డాడు. నర్సాపూర్ కాలనీ నేర్పిన పాఠాన్ని వదులుకోకూడదు. జాగ లేని కుటుంబాలను గ్రామసభలో ముందు గుర్తించి, పట్టా ఇచ్చి, ఆ తర్వాతే ఇళ్ల లెక్క మొదలుపెట్టాలి. బిల్లులు మేస్త్రీ పనితో సమానంగా నడవాలి. ఈ రెండూ జరిగితేనే అందరికీ ఇల్లన్న మాట నిజమవుతుంది.