హాజరీ పుస్తకం నుంచి ప్రొబేషన్ ఆఫీసర్ కొలువు దాకా



మన గ్రూపుల కానిస్టేబుల్, ఎస్సై, బీట్ ఆఫీసర్ నోటిఫికేషన్ల ముచ్చట రోజూ నడుస్తది. ప్రొబేషన్ ఆఫీసర్ గురించి మాత్రం ఎవ్వరూ అడగరు. ఆ కొలువుకు మనం పనికొస్తమా లేదా అన్నది తేలాలంటే ముందు మన పాత చరిత్ర కొంచెం విప్పాలె.

1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చిండ్రు. మొదట ఉత్తరాదిన అమలైంది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి పాకింది. మనిషి ఏం చేసిండని కాదు, ఎవరి ఇంట్ల పుట్టిండని చూసేవాళ్లు. రిజిస్టర్‌లో పేరు ఎక్కేది. వేలిముద్ర ఇయ్యాలె, ఊరు దాటాలంటే పాసు కావాలె, చెప్పిన వేళకు హాజరీ పలకాలె. కోస్తాలో ఎరుకలోళ్లను స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిండ్రు. మన పాలమూరు దిక్కు లింగాలలో కూడా అట్లాంటి సెటిల్‌మెంట్ ఉండేది. ఇక లంబాడీలు ఎడ్ల బిడారులతో ఉప్పు, ధాన్యం మోసి బతికినోళ్లు. రైలు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయినంక, తిరిగే మనిషి అనుమానం మనిషి అయిండు. ఈ కథంతా భంగ్యా భూక్యా గారు 'సబ్జుగేటెడ్ నోమాడ్స్' పుస్తకంలో వివరంగా రాసిండ్రు. ఇంగ్లీషు చదవగలిగినోళ్లు తప్పక చదవండి.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కానీ దాని జాగాలో 'అలవాటు నేరస్తుల' చట్టాలు వచ్చినయ్. మన ఉమ్మడి రాష్ట్రంలో 1962లో వచ్చింది. అనుమానం పోలేదు, పేరు మారింది.

ఇదే కాలంల ఇంకో దారి కూడా తెరుచుకుంది. 1841లో అమెరికాలోని బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన ఒక తాగుబోతుకు కోర్టులో జామీను నిలబడ్డడు. ప్రొబేషన్ అక్కడ మొదలైందంటరు. మన దేశంలో 1958లో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం వచ్చింది. 21 ఏళ్లలోపు వాళ్లను, యావజ్జీవం పడే నేరాల్లో తప్ప, జైలుకు పంపే ముందు కోర్టు ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకోవాలె. బాండు మీద వదిలితే ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండాల్సింది, పని దొరికేటట్టు చూడాల్సింది కూడా ఈ ఆఫీసరే. పిల్లల కేసుల్లో అయితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం రెండు వారాల్లో ఇంటి పరిస్థితి మీద రిపోర్టు ఇయ్యాలె.

ఆ రిపోర్టు సంగతే మనకు ముఖ్యం. దేవరకొండ దిక్కు ఒక తండా పిల్లగాడు బోరు మోటారు దొంగతనంల దొరికిండనుకోండి. ఆఫీసర్ పోతడు, ఇంటికి తాళం ఉంటది. 'తల్లిదండ్రుల పర్యవేక్షణ లేదు' అని రాసి తిరిగొస్తడు. అబద్ధం కాదది. కానీ అమ్మానాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె పోయిండ్రని, పిల్లగాడు నానమ్మ కాడ తింటున్నడని, ఫలానా నెలకు వస్తరని అందులో లేదు. పాలమూరు వలస తెలిసినోడు పక్కింట్ల అడుగుతడు. గోర్ బోలి వస్తే నానమ్మ రెండు మాటలు ఎక్కువ చెప్తది. మనం పనికొచ్చేది ఇక్కడ.

పనికిరాకపోయేది కూడా ఇక్కడనే. ఆ పిల్లగాడు మన మేనమామ కొడుకైతే? నాయక్ వచ్చి 'మనోడే, మంచిగ రాయి' అంటే? చుట్టరికం ఉన్నదని కోర్టుకు ముందే చెప్పగలగాలె. రిపోర్టు రహస్యమని చట్టంలనే ఉన్నది, దాన్ని తండాల ముచ్చట చెయ్యొద్దు. బాండు షరతు తప్పితే ఆ సంగతి కోర్టుకు రాయాల్సింది మన చెయ్యే, దాని మీద వాడు జైలుకు పోవచ్చు. మెతక మనసు ఒక్కటే ఉంటే ఈ కొలువు నడవదు. యూనిఫాం మోజు ఉన్నోళ్లకు అసలే నడవదు, ఎందుకంటే ఎవ్వరూ సెల్యూట్ కొట్టరు.

ఇంకో ఇబ్బంది ఉన్నది. ఒకప్పుడు మన ముత్తాతల గుడిసె ముందుకు రిజిస్టర్ పట్టుకుని వచ్చినోడు పోలీసు. రేపు మనం ఫైలు పట్టుకుని పోతే ఆ ముసలోళ్లకు ఇద్దరిలో తేడా వెంటనే కనపడదు. మొదటి రోజు నీళ్లు కూడా ఇయ్యకపోవచ్చు. మళ్లీ పోవాలె.

ఎంఎస్‌డబ్ల్యూ, సోషియాలజీ, లా చదువుతున్నోళ్లు ఈ కొలువు నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి. ఇంట్ల పెద్దోళ్ల నోట హాజరీ, పాసుల సంగతి విన్నోళ్లుంటే కింద రాయండి. లింగాల దిక్కువాళ్లు ముందుగ.