గొబ్బెమ్మ ఎక్కని పువ్వు

తులిప్ దుంప పువ్వు పెట్టాలంటే ముందు 12 నుంచి 16 వారాలు చలిలో పడుకోవాలి. చలి అంటే మన సంక్రాంతి మంచు కాదు, దాదాపు 9 డిగ్రీల లోపు ఉండాలి. డాఫొడిల్‌దీ ఇంచుమించు అదే కోరిక. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో రాత్రి కాస్త చల్లగాలి తగిలితే చాలు, మంకీ క్యాపులు బయటికొచ్చేస్తాయి. అలాంటి చోట తులిప్ పెంచాలనుకునేవాళ్ళు దుంపల్ని ఫ్రిజ్‌లో, కూరగాయల అరలో మూడు నెలలు దాచి, డిసెంబరు చివర్లో కుండీలో పెడతారు. పక్కన పళ్ళు మాత్రం ఉంచకూడదు. పండు మాగుతూ వదిలే ఇథిలీన్ తగిలితే దుంపలో ఉన్న మొగ్గ లోపలే చచ్చిపోతుంది. ఇంత చేస్తే వచ్చేది దుంపకో పువ్వు, అదీ వారం రోజులు. మరుసటి ఏడాదికి ఆ దుంప ఇక్కడ పనికిరాదు. దీన్ని తోటపని అనడం కన్నా కొత్తల్లుడికి చేసే మర్యాద అనడం సబబు.

అయినా కొంటున్నారు. ఆన్‌లైన్‌లో దుంపలు తెప్పించుకుని, అవి మొలకెత్తాయో లేదో అని రోజూ ఫ్రిజ్ తెరిచి చూసుకునే స్నేహితులు నాకు ముగ్గురున్నారు. వాళ్ళని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. ఆ మాటకొస్తే మా గోదావరి పడమటి గట్టు ఊళ్ళలో పెరటి పువ్వుల్లో సగం అలా దూరాల నుంచి వచ్చినవే. ఏది వచ్చి నిలిచింది, ఏది వచ్చి ముంచింది అన్నదే నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న.

గొబ్బెమ్మ సంగతే చూడండి. ధనుర్మాసంలో పేడముద్ద మీద ఏం పెడతాం? గుమ్మడిపువ్వు, బంతిపువ్వు. ఇంతకన్నా తెలుగు బొమ్మ ఇంకోటి ఉందా? బూడిదగుమ్మడి ఆసియాదే గానీ, మనం పులుసులో వేసుకునే తీపిగుమ్మడి అమెరికా ఖండాల తీగ. బంతి మెక్సికో మొక్క. కొలంబస్ ఓడలు బయల్దేరిన 1492కి ముందు ఈ రెండూ మన పెరళ్ళలో లేవు. సాయంకాలం విచ్చే చంద్రకాంతా అటునుంచి వచ్చిందే. పచ్చగన్నేరు కూడా. గోడల మీద పాకే కాగితంపూలు బ్రెజిల్ నుంచి వచ్చాయి. బిళ్ళగన్నేరు సొంతూరు మడగాస్కర్. చేమంతి చైనాది. మరి మనదేదీ అంటే కనకాంబరం ఉంది. అది దక్షిణాది, సింహళం మొక్కే. అన్నట్టు దాన్ని మాత్రం జడలో పెట్టుకోవడం పాత ఫ్యాషనైపోయిందని మా ఇంట్లో పిల్లలు తేల్చేశారు.

వచ్చినవాటిలో నిలిచినవాటికి ఒక లక్షణం ఉందనిపిస్తుంది నాకు. వాటికి ఎవరో ఒకరు ఇక్కడి పేరు పెట్టారు. గుండ్రంగా ఉంది కాబట్టి బంతి, ఇంకా గుండ్రంగా ఉంటే ముద్దబంతి. ఆకు గలగలమంటే కాగితంపువ్వు. గులాబీ కథ మరీ తమాషా. పారశీకంలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. గులాబ్ అంటే అసలు పన్నీరు. సీసాలో ఉన్న నీళ్ళ పేరు మన దగ్గర చెట్టుకి అంటుకుంది. అదే పారశీకంలో తులిప్‌కి లాలా అని పేరు. ఆ మాట ఉర్దూ కవిత్వం దాకా వచ్చి ఆగిపోయింది, తెలుగు పెరట్లోకి దిగలేదు. పువ్వు రాని చోటికి పేరెందుకు వస్తుంది?

పువ్వు రాకపోయినా దాని బొమ్మ మాత్రం వచ్చింది. ఏలూరు ఉన్ని తివాచీల నేతకి మూలం పారశీకమని, గోల్కొండ రాజ్యకాలంలో ఈ తీరానికి వచ్చిన పర్షియన్లతో ఆ పని వచ్చిందని చెప్తారు. 1908లో మద్రాసు ప్రభుత్వం కోసం హెన్రీ టి. హారిస్ దక్షిణ భారత తివాచీ పరిశ్రమ మీద ఒక పుస్తకం రాశాడు, అందులో ఏలూరుకీ చోటుంది. తివాచీలో పువ్వంటే ముడుల లెక్క. ఇన్ని ఎర్ర ముడులు, పక్కన ఇన్ని నీలం ముడులు. తరాలు గడిచేకొద్దీ, నేసే చేతికి ఆ లెక్కే గుర్తుంటుంది గానీ మొదట ఎక్కడో కొండవాలున పూసిన పువ్వు గుర్తుండదు. అందుకే పాత తివాచీ ముందు కూర్చుని ఇది లాలా, ఇది కమలం అని వేరుచేయబోతే కుదరదు.

బట్ట మీదా అంతే. 1637 ఫిబ్రవరిలో హాలెండులో తులిప్ దుంపల ధరలు ఒక్కసారిగా కుప్పకూలాయి. ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో ఇప్పటికీ చెప్పుకునే కథ అది. ఆ కాలంలోనే ఆ దేశపు కంపెనీ మచిలీపట్నంలోనూ, కొల్లేటికి తూర్పున పాలకొల్లులోనూ గిడ్డంగులు పెట్టుకుని మన నేతబట్ట, అద్దకం బట్ట ఓడలకెక్కిస్తోంది. చిరివేరు ఎరుపుతో అద్దిన పూలబట్టకి యూరప్‌లో మంచి గిరాకీ. అక్కడి వాళ్ళ అభిరుచికి తగ్గట్టు నమూనాలు కూడా వచ్చేవి. తాము ఎన్నడూ చూడని పువ్వుల్ని మనవాళ్ళు కలంతో గీసి, ఆ పువ్వులున్న దేశానికే అమ్మారు.

నిజంగా దుంప నాటి పువ్వు కోయడం మనకి లేదా అంటే, ఉంది. పూలకొట్లో లిల్లీ అని అడిగితే ఇచ్చేది లిల్లీ కాదు, నేలసంపంగి. దాని కుటుంబం కిత్తనారది, పుట్టిల్లు మళ్ళీ మెక్సికోనే. పెళ్ళి దండల్లో తెల్లగా వరసగా ఉండేది అదే. దీనికి చలి అక్కర్లేదు. కావలసిందల్లా తవ్వాక కొన్ని వారాలు నీడలో ఆరబెట్టడం, తర్వాత నీళ్ళు నిలవని నేల. రెండు మూడు సెంటీమీటర్ల లావున్న దుంపల్ని ఏరి, ఓ రెండంగుళాల లోతున, జానెడు దూరంలో నాటుతారు. మూడు నాలుగు నెలలకి కాడ లేస్తుంది. ఒకసారి నాటితే రెండు మూడేళ్ళు పూస్తుంది. దండకైతే ఒంటిరెక్క రకం, కూజాలో పెట్టుకోడానికైతే ముద్దరకం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు విడుదల చేసిన శృంగార్, ప్రజ్వల్ అనేవి విడిపూలకి పేరుపడ్డాయి. పువ్వు తెల్లవారకముందే కోయాలి, ఎండెక్కితే వాసన పోతుంది.

నీళ్ళు నిలవని నేల అన్నాను కదా, మా జిల్లా చరిత్రంతా ఆ ఒక్క మాటలో ఉంది. తాడేపల్లిగూడెం మెట్టకీ డెల్టాకీ సరిహద్దు. ఉత్తరానికి వెళ్తే ఎర్రనేల. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం పెట్టింది ఆ వైపే, వెంకటరామన్నగూడెంలో. దక్షిణానికి దిగితే నల్లరేగడి, వరి, కాలవలు. అక్కడ వానాకాలం దుంప కుళ్ళిపోతుంది. ఇంకా కిందికెళ్తే కొల్లేరు. అక్కడ దుంప అంటే తామరదుంపే. బురదలో ఉంటుంది, వేసవిలో నీరు తగ్గితే నిద్రపోతుంది, వానలకి లేస్తుంది. తులిప్‌కి చలి ఎలాగో దీనికి నీటిమట్టం అలాగ.

ఆ నీళ్ళలోకి వచ్చిన తోటపువ్వు గురించి చెప్పడానికే ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

గుర్రపుడెక్కని ఈ దేశానికి ఎవరూ కలుపుమొక్కగా తేలేదు. అందంగా ఉందని తెచ్చారు. అమెజాన్ నదీప్రాంతం నుంచి కొలనుల్లో వేసుకునే అలంకారపు మొక్కగా ప్రపంచమంతా తిరిగింది, 19వ శతాబ్దం చివర్లో బెంగాలుకి చేరింది. పువ్వు నిజంగానే బావుంటుంది. లేత ఊదారంగు రెక్కలు ఆరు, పైరెక్క మీద నెమలికన్నులా నీలం మధ్య పసుపుచుక్క. అక్కడి నదుల్లో పడవలాగిపోయి, వరి మునిగిపోయి, చివరికి 1936లో బెంగాల్ ప్రభుత్వం దాన్ని ఇంట్లో పెంచడమే నేరమంటూ చట్టం చేయాల్సి వచ్చింది. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. గింజలు బురదలో పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతాయి. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల తర్వాత గోదావరినీ కృష్ణనీ ఏలూరు కాలవ కలిపింది. ఒకప్పుడు పడవలు నడిచిన ఆ దారే కలుపుకీ దారైంది.

కొల్లేట్లో ఇప్పుడు మైళ్ళకి మైళ్ళు అదే. కింద వెలుతురు అందదు, కలువ చచ్చిపోతుంది, నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది, వరద వచ్చినప్పుడు ఉప్పుటేరు గొంతులో అడ్డం పడుతుంది. విదేశీ మొక్క వచ్చి మన సరస్సుని నాశనం చేసింది అని పత్రికల్లో తరచుగా చదువుతుంటాను. ఆ వాక్యంతో నాకు పేచీ ఉంది. బంతి కూడా విదేశీదే. గుర్రపుడెక్కకి ఇక్కడ అడ్డూ అదుపూ లేకపోవడానికి ఒక కారణం దాన్ని తినే పురుగు దాని వెంట రాకపోవడం. దక్షిణ అమెరికా నుంచి ఆ ముక్కుపురుగుల్ని 1980లలో మన దేశానికి తెచ్చి వదిలారు, కొన్నిచోట్ల ఫలితం కనిపించింది. రెండో కారణం మనం పెట్టే తిండి. డెల్టా పొలాల యూరియా, ఊళ్ళ మురుగు, చేపల చెరువుల మేత, పేడ, కోళ్ళ పెంట అన్నీ చేరేది కొల్లేటికే. 1970ల చివర్లో సహకార సంఘాల చెరువులతో మొదలైంది, తర్వాత గట్లు గట్లుగా సరస్సంతా ముక్కలైంది. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమని ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో గట్లు పేల్చారు. 2008లో అదే రాష్ట్రపు శాసనసభ కాంటూరుని మూడుకి తగ్గించమని తీర్మానం చేసింది. లంకగ్రామాల్లో బతికేవాళ్ళ ఇబ్బంది చిన్నదని నేననను, ఆ చెరువుల మీద కూలి దొరికినవాళ్ళు వేలల్లో ఉన్నారు. కానీ 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్ళు కూడా చేరాల్సింది ఈ కొల్లేటికే.

క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో కునాల జలం అన్న మాట కొల్లేటి గురించేనని చరిత్రకారులంటారు. అక్కడ ఆ నీళ్ళు యుద్ధంలో నెత్తురుతో ఎర్రబడ్డాయి. పువ్వుల ప్రసక్తి లేదు. ఉండి ఉంటే అవి తామరలే అయ్యుండేవి. తామరగింజ గట్టిది. చైనాలో ఎండిపోయిన ఒక చెరువు అడుగున దొరికిన గింజ దాదాపు 1300 ఏళ్ళ తర్వాత మొలకెత్తింది. మా చెరువులు తవ్వే పొక్లెయిన్లు ఏ వయసు మట్టిని పైకి తీస్తున్నాయో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

చలికాలంలో కైకలూరు వైపు వెళ్తుంటే బస్సు కిటికీలోంచి రెండువైపులా ఊదారంగు కనిపిస్తుంది. వంతెనల మీద బళ్ళాపి ఫొటోలు దిగేవాళ్ళుంటారు. ధనుర్మాసమే అది, లంకల్లో వాకిళ్ళ నిండా గొబ్బెమ్మలు, వాటి మీద బంతిపూలు. పది అడుగుల దూరంలో కాలవ నిండా ఉచితంగా ఉన్న పువ్వుని ఎవరూ తెచ్చి పెట్టరు. పెట్టినా నిలవదు. నీళ్ళలోంచి తీసిన కాసేపటికే రెక్కలు ముడుచుకుని వేళ్ళకి అంటుకుపోతుంది.